కాటా దిగాక

పందొమ్మిదేళ్లు టంగుటూరు వేలం కేంద్రంలో
కాటా పక్కన నిలబడ్డాను.
పొగాకు చెక్కు ఎక్కుద్ది, అంకె చెబుతాను, దిగుద్ది.
ఆకు ఎవరి చేలోదో,
బ్యారన్ ముందు ఎన్ని రాత్రుళ్లు మేలుకున్నారో
కాటాకి అక్కర్లేదు.
నాకూ అక్కర్లేకపోయింది.

నేను నూట ముప్పైయారు కిలోలు.
"మాలకొండయ్యా, నువ్వు పక్కకి జరుగు,
లేకపోతే ఒక చెక్కు ఎక్కువ రాస్తారు"
అని హమాలీల నవ్వు.
నేనూ నవ్వేవాణ్ణి. మెట్లెక్కేప్పుడు మాత్రం నవ్వు రాదు.

చెన్నైలో పొట్టను కోసి
అరచేతిలో పట్టే సంచంత మిగిల్చారు.
పూలగుత్తి చేతికిచ్చి ఫోటో తీశారు,
ఫైలిచ్చారు, పంపించారు.

అసలు సంగతి ఇంటికొచ్చాక.
నాలుగో నెలకి దువ్వెన నిండా జుట్టు.
తాలింపు వాసనకే వాంతి.
కొండపిలో పెళ్లికెళ్లి బూరె సగం తిన్నాను,
చెమట, గుండెదడ,
షామియానా వెనక నీళ్ల డ్రమ్ము పట్టుకుని కూలబడ్డాను.
"డబ్బులిచ్చి రోగం కొనుక్కున్నాడు"
వడ్డిస్తూనే అంది మా పెద్దమ్మ.

చెన్నైకి ఫోన్ చేస్తే
"మీ ప్యాకేజీ మూడు నెలలే సార్"
ఎంత తియ్యగా చెప్పిందో ఆ పిల్ల!
ఆ తీపి కూడా నాకు పడలేదు.

ఒంగోలులో పెద్ద ఆసుపత్రి, నేలంతా గెలాక్సీ గ్రానైట్,
నా మొహం అందులో కనపడింది గానీ
డాక్టరుకి కనపడలేదు.
అంకె చూశాడు.
"రెండు కిలోలు పెరిగావ్. నోరు కట్టుకోలేవా?"

ఆ గొంతు నేనెరుగుదును.
"తేమ ఎక్కువుంది, నోబిడ్, పక్కకి లాగండి"
అది నా గొంతే.
వెనక్కి పోయే చెక్కు మీద
తువ్వాలు పరుచుకు కూచున్న రైతు
ఎందుకు మాట్లాడడో
ఆ గ్రానైట్ మీద నిలబడి తెలుసుకున్నాను.

రెండు నెలలు ఎక్కడికీ పోలేదు.
ఇంట్లో కాటాని మంచం కిందకి తోశాను.
పెంచలమ్మ ఊరుకుంటుందా?
"అప్పు నేను కడతన్నా. వడ్డీ నీ ఒంట్లోనించి కట్టబాక"
అని పాలలెక్కల పుస్తకం వెనక మూడు ప్రశ్నలు రాసుకుని
తనే బస్సెక్కింది.

రాత్రిపూట వాంతైతే ఫోనెవరు ఎత్తుతారు?
రక్తపరీక్ష ఎన్నాళ్లకొకసారి?
ఆయన్ని తిడతారా?

మూడో ప్రశ్నకి రెండుచోట్ల నవ్వారు.
కర్నూలు రోడ్డులో, టైర్ల కొట్టు పైన
ఇరుకు మెట్ల ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు.
"తిట్టం. ఆయన్నే రమ్మనండి" అన్నారంట.

అక్కడ కాటా తలుపు చాటున ఉంది.
మెహరున్నీసా మేడం ముందు కుర్చీ చూపించింది.
నిన్న ఏం తిన్నారు?
ఎవరు వండారు?
తిన్నాక ఎట్టా ఉండింది?
ఆఖరి ప్రశ్న నన్నెవరూ అడిగింది లేదు.
అమ్మ అడిగేది, ఇంకొంచెం పెట్టడానికి.

రక్తం తీశారు. బి-పన్నెండు అడుగంటింది, ఐరనూ అంతే.
నెలకో ఇంజెక్షన్,
ముందు గుడ్డు, తర్వాతే అన్నం,
నీళ్లు తిన్న అరగంటకి.
సంగటి మానమనలేదు,
నిమ్మకాయంత ముద్ద చేసి చూపించింది ఉత్త చేత్తో.
"జుట్టు మళ్లీ వస్తుంది.
బరువు తగ్గిన నెల మీరెట్టాగూ వస్తారు,
పెరిగిన నెల తప్పకుండా రండి."

రాత్రి పదకొండుకి ఒకసారి ఫోన్ చేశాం.
ఎత్తారు.
నిద్రగొంతే, విసుగు లేదు.

వేలంలో ఇప్పుడూ అంకెలే చెబుతాను,
ఉద్యోగం అది.
నోబిడ్ పడ్డ చెక్కు పక్కన మాత్రం
ఒక్క నిమిషం నిలబడతాను.
ఏమనాలో ఇంకా తెలీదు.

ఈ మంగళవారం మంచం కిందనించి కాటా లాగాను.
కిలోన్నర పెరిగాను.
చొక్కా తొడుక్కున్నాను, పాలపుస్తకం చంకలో పెట్టుకున్నాను,
వల్లూరమ్మ గుడి దాటిందాకా
బస్సులో నిలబడే ఉన్నాను.